ప్రపంచ విద్యయు, బొల్లాపల్లి బోరునీరును

విద్యారంగమున కొన్ని మాటలు గొప్ప ఊరేగింపుతో వచ్చును. బడి గుమ్మము దాటునప్పటికి వాని వెంట ఎవ్వరును మిగులరు. ‘ప్రపంచ విద్య’ అట్టి మాటలలో నొకటి. సభలలో దీనిని గూర్చి చాల చెప్పబడినది, పత్రములలో చాల వ్రాయబడినది. కాని పల్నాడు జిల్లా బొల్లాపల్లి మండలమందలి ఒక ఉన్నత పాఠశాలలో, సోమవారమునాడు మూడవ గంటలో, తొమ్మిదవ తరగతికి సామాన్యశాస్త్రము బోధించు ఉపాధ్యాయుని చేతికి ఈ మాట వలన ఏమి అందినది అను ప్రశ్న వేసినచో సమాధానము సులభముగా దొరకదు. ఏ విద్యా పథకమునకైనను ఇదియే సరియైన గీటురాయి.

ముందుగా మాట యొక్క అర్థమును తేల్చుకొనుట మంచిది. ప్రపంచ విద్య యనగా విదేశముల రాజధానులను కంఠస్థము చేయుట కాదు. ఇంగ్లీషు మాటలాడుటయు కాదు. తన ఊరి సమస్యకును దూరదేశపు ప్రజల సమస్యకును గల సంబంధమును విద్యార్థి గుర్తించుట, ఒకచోట కనుగొన్న సత్యము మరియొకచోట ఎట్లు పనికివచ్చునో ఎరుగుట, ఇతరుల అనుభవము నుండి నేర్చుకొని తన అనుభవమును వారికి అందించుట - ఇదియే దాని సారము. ఈ అర్థమున చూచినచో ఇది క్రొత్త సబ్జెక్టు కాదు. ఉన్న సబ్జెక్టులనే చెప్పు ఒక పద్ధతి.

ఐక్యరాజ్యసమితికి చెందిన యునెస్కో సంస్థ 1974లో అంతర్జాతీయ అవగాహన, సహకారము, శాంతి నిమిత్తమైన విద్యను గూర్చి సభ్యదేశములకు ఒక సిఫారసు చేసెను. 2015లో అంగీకరింపబడిన సుస్థిరాభివృద్ధి లక్ష్యములలో నాల్గవదాని ఏడవ అంశము, 2030 నాటికి విద్యార్థు లందరు సుస్థిరాభివృద్ధికి, ప్రపంచ పౌరసత్వమునకు కావలసిన జ్ఞానము పొందవలెనని చెప్పుచున్నది. 2020 నాటి మన జాతీయ విద్యావిధానము కూడ ప్రపంచ పౌరసత్వ విద్యను పేర్కొన్నది. 1974 నాటి సిఫారసును యునెస్కో 2023 నవంబరులో సవరించి, వాతావరణ మార్పు, సాంకేతిక విజ్ఞానము వంటి విషయములను చేర్చినది. ఇవి ఉన్నతమైన పత్రములే. ఉపాధ్యాయుల శిక్షణను కూడ ఇవి మరువలేదు. అయినను ప్రకటన వ్రాయు చోటు వేరు, పాఠము చెప్పు చోటు వేరు. ఆ రెంటికి నడుమ దారి వేయు పని ప్రతి దేశమును, ప్రతి రాష్ట్రమును స్వయముగా చేసికొనవలసినదే.

మన రాష్ట్రమున ఆ పని ఎట్లు జరిగినది? 2023లో ప్రభుత్వ పాఠశాలలలో 3 నుండి 9 తరగతుల పిల్లలకు టోఫెల్ ఆంగ్ల పరీక్షకు తర్ఫీదు ఇచ్చు ఏర్పాటు జరిగెను. దాదాపు అదే కాలమున వేయి ప్రభుత్వ పాఠశాలలను కేంద్రీయ మాధ్యమిక విద్యామండలికి అనుబంధింపజేసిరి. 2024 జనవరి 31వ తేదీన రాష్ట్ర విద్యా పరిశోధన శిక్షణ మండలి, ఇంటర్నేషనల్ బాకలారియేట్ సంస్థతో ఒప్పందము చేసికొనెను. ఆ పాఠ్యక్రమమును ఒకటవ తరగతితో మొదలుపెట్టి ఏటేట పై తరగతులకు విస్తరింపవలెనని అప్పటి సంకల్పము. 2024 జూనులో ప్రభుత్వము మారిన పిదప ఈ ఏర్పాట్లు నిలిచిపోయినవి. వేయి పాఠశాలల పిల్లలు మరల రాష్ట్ర మండలి పరీక్షకే వచ్చిరి.

వీనిలో ఏది మంచిది, ఏది చెడ్డది అను రాజకీయ వివాదము ఇచ్చట అనవసరము. విద్యాదృష్టితో చూచినచో మూడింటికిని ఒక సామాన్య లక్షణము కలదు. మూడును పరీక్ష నుండి, యోగ్యతాపత్రము నుండి వెనుకకు నడచినవి. ప్రపంచము బయటనున్న ఒక సంస్థ వద్ద గలదనియు, దాని ముద్ర పడినచో అది మన పిల్లలకు సంక్రమించుననియు ఈ ప్రయత్నముల వెనుక నున్న భావము. పేదపిల్లలకు కూడ గొప్పవారి పిల్లల చదువు అందవలెనను ఆశ సహృదయమైనదే. దానిని తేలికగా తీసివేయరాదు. కాని ముద్ర తొలగిన నాడు బడిలో ఏమి మిగిలినదని చూడవలెను. ఉపాధ్యాయుని చేతిలో ఒక క్రొత్త పాఠము, అలమారలో ఒక పరికరము, తెలుగున ఒక కరదీపిక మిగిలియున్నచో పథకము పోయినను విద్య నిలుచును. అవి లేనిచో పథకముతోపాటే అంతయు పోవును.

ఊరి నీటిలో ప్రపంచము

బొల్లాపల్లి మండలము 2022 ఏప్రిలు వరకు గుంటూరు జిల్లాలోను, పిదప నరసరావుపేట ముఖ్యపట్టణముగా ఏర్పడిన పల్నాడు జిల్లాలోను ఉన్నది. ఇది నల్లమల ఛాయలో నున్న మెట్టప్రాంతము. నాగార్జునసాగర్ కుడికాలువ పల్నాటిలో పారుచున్నను, కాలువ మట్టమునకు ఎగువనున్న మెట్ట గ్రామములకు బోరుబావులే చాలకాలముగా దిక్కు. వినుకొండ, బొల్లాపల్లి ప్రాంతముల భూగర్భజలములో ఫ్లోరైడు సమస్య ఎల్లరు ఎరిగినదే. పండ్లపై గారమరకలు, పెద్దవారిలో కీళ్లు బిగిసిపోవుట, నడుము వంగుట - ఇవి ఫ్లోరోసిస్ లక్షణములు. పాఠ్యగ్రంథములో ఈ ఊరి పేరు లేదు. కాని ప్రపంచ విద్యకు ఇంతకంటె గొప్ప పాఠము మరియొకటి దొరకదు.

ఈ కథ పల్నాటికి ఎంతో దూరమున మొదలైనది. 1901లో అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్ పట్టణమునకు వచ్చిన ఫ్రెడరిక్ మెకే అను దంతవైద్యుడు, అచ్చట పెరిగిన పిల్లల పండ్లపై గోధుమరంగు మరకలుండుట చూచెను. కారణము నీటిలోనిదని ఆయన ఊహించినను, అది యేదో మూడు దశాబ్దముల వరకు తేలలేదు. ఒక అల్యూమినియము కంపెనీలో రసాయన శాస్త్రజ్ఞుడైన చర్చిల్, 1931లో ఆర్కన్సా రాష్ట్రమందలి బాక్సైట్ అను ఊరి నీటిని పరీక్షించి, అందులో ఫ్లోరైడు అధికముగా నున్నదని కనుగొనెను. ఆరేండ్లకే, అనగా 1937లో, షార్ట్ మున్నగు వైద్యులు మద్రాసు రాష్ట్రమున నెల్లూరు జిల్లాలో ఫ్లోరైడు వలన ఎముకలకు కలుగు వ్యాధిని వర్ణించుచు ఒక వ్యాసము ప్రకటించిరి. వినుకొండకు దక్షిణమున నున్న దర్శి, పొదిలి తాలూకాలు ఆనాడు నెల్లూరు జిల్లాలోనివే. అమెరికాలో పంటిమరకగా మొదలైన ప్రశ్నకు ఎముకల అధ్యాయమును చేర్చినది తెలుగు పల్లెల నీరే.

దీనికి రసాయన కారణము ఉన్నత పాఠశాల విద్యార్థికి అందనిది కాదు. గ్రానైటు జాతి శిలలలో ఫ్లోరైటు, అపటైటు, నల్ల అభ్రకము వంటి ఖనిజములలో ఫ్లోరిన్ ఉండును. నీరు వానితో చిరకాలము కలిసియున్నప్పుడు అది కరగి వచ్చును. నీటిలో కాల్షియము సమృద్ధిగా నున్నచో అది ఫ్లోరైడుతో కలిసి సులభముగా కరగని కాల్షియము ఫ్లోరైడుగా మారి అడుగున చేరును. కాల్షియము తక్కువై, సోడియము బైకార్బొనేటు ఎక్కువై, క్షారగుణముగల నీటిలో ఫ్లోరైడు నిలిచియుండును. అందుచేతనే ‘మెత్తని’ నీరు, సబ్బు బాగుగా నురుగుపట్టు నీరు ఒక్కొక్కప్పుడు త్రాగుటకు ఎక్కువ హానికరము కావచ్చును. పదవ తరగతిలోని ఆమ్లములు, క్షారములు, లవణములు అను పాఠమునకు దీనికంటె సజీవమైన ఉదాహరణము ఏది?

ఇచ్చటనే లెక్కలకును పని కలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల ఫ్లోరైడును హద్దుగా సూచించినది. భారతీయ ప్రమాణము 1 మిల్లీగ్రామును మేలైన హద్దుగాను, వేరు నీరు దొరకనప్పుడు 1.5ను గరిష్ఠముగాను పెట్టినది. చలిదేశములో ఒకడు దినమునకు లీటరు నీరు త్రాగునని, పల్నాటి ఎండలో పొలముపని చేయువాడు మూడు లీటర్లు త్రాగునని అనుకొందము. లీటరుకు 1.5 మిల్లీగ్రాములున్న నీటి నుండియే మొదటివానికి 1.5 మిల్లీగ్రాములు, రెండవవానికి 4.5 మిల్లీగ్రాములు చేరును. నీటి గాఢత ఒకటే, దేహమునకు చేరు మోతాదు వేరు. ప్రపంచ ప్రమాణమును స్థానిక పరిస్థితితో కలిపి చదువవలెనను సత్యము ఒక్క గుణకారముతో తరగతికి బోధపడును. నీరు మరగించినచో ఫ్లోరైడు పోవునను అపోహ కూడ ఈ పాఠములోనే తొలగును. మరగించుట వలన క్రిములు చచ్చును. ఫ్లోరైడు మాత్రము పోదు సరికదా, ఆవిరైన మేరకు దాని గాఢత హెచ్చును.

కథ అంతటితో ఆగలేదు. నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ 1970వ దశాబ్దమున పటిక, సున్నము, బ్లీచింగు పొడి కలిపి ఫ్లోరైడును తేర్చి తీసివేయు పద్ధతిని రూపొందించి, దానికి నల్లగొండ పేరు పెట్టినది. తూర్పు ఆఫ్రికా భ్రంశలోయలో టాంజానియా, కెన్యా, ఇథియోపియా దేశముల ప్రజలు ఇదే బాధ పడుచున్నారు. టాంజానియాలో పరిశోధకులు నల్లగొండ పద్ధతిని ఇంటిలో రెండు బకెట్లతో చేసికొనుటకు అనువుగా మార్చిరి. ఒక తెలుగు జిల్లా పేరు ఆఫ్రికా పల్లెల నీటిశుద్ధిలో వినబడుచున్నదని తెలిసిన పిల్లవానికి ప్రపంచ పటము గోడకు వ్రేలాడు కాగితముగా కనబడదు. ఈ పద్ధతికి గల లోపములను కూడ దాచరాదు: పటిక మోతాదు తప్పినచో నీటిలో అల్యూమినియము మిగులును, అడుగున చేరిన మడ్డిని పారవేయుట మరియొక చిక్కు. శాస్త్రము ఒకచోట ముగిసిన విజయగాథ కాదని, దేశము నుండి దేశమునకు చేతులు మారుచు సవరింపబడు పని యని ఇందువలన తెలియును.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. ఈ పాఠము చెప్పునప్పుడు మరకపండ్లు గల పిల్లవానిని లేపి తరగతికి చూపుట మహాపరాధము. పరీక్షింపవలసినది నీటిని గాని పిల్లవానిని కాదు. అతని బాధ అతని తప్పు కాదనియు, కొలరాడోలోను ఆఫ్రికాలోను అతనివంటివారు గలరనియు తెలియజేయుటయే ఈ పాఠము ఇచ్చు ధైర్యము. సిగ్గుతో నోరు మూసికొను పిల్లవాడు ఈ పాఠమైన పిదప నోరు విప్పి ప్రశ్న అడిగెనా, ప్రపంచ విద్య ఆ బడిలో ప్రవేశించినదనవచ్చును.

మిరపచేనును, మధ్యాహ్నపు నీడయు

నీటి తరువాత పంట. పల్నాటికి పేరు తెచ్చిన మిరప పల్నాటిలో పుట్టినది కాదు. దాని పుట్టినిల్లు అమెరికా ఖండము. పోర్చుగీసు వర్తకుల ఓడలలో 16వ శతాబ్దమున అది ఈ దేశమునకు వచ్చినది. 2021-22 పంటకాలమున మిరపపూతను పీల్చి గుంటూరు, పల్నాడు రైతులను కుంగదీసిన నల్ల తామర పురుగు కూడ పరదేశిదే. ఆగ్నేయాసియాలో తెలిసిన ఈ జాతి భారతదేశమున మొదట 2015లో బెంగుళూరు ప్రాంతమున బొప్పాయి మొక్కలపై గుర్తింపబడినది. ఆకులపై నుండు పాత తామర పురుగునకు అలవాటుపడిన రైతు, పూవులో దాగు ఈ క్రొత్తదానిని సకాలమున పోల్చుకొనలేకపోయెను. మందు మీద మందు చల్లి అప్పులపాలయ్యెను. మొక్కలు, పురుగులు, ధరలు దేశముల హద్దులను లెక్కచేయవని ఈ ఒక్క అనుభవము బోధించును. నీలిరంగు జిగురు అట్టను బడితోటలో వ్రేలాడగట్టి, వారమునకు ఒకమారు పురుగులను లెక్కించి పట్టిక వ్రాయుట తొమ్మిదవ తరగతి విద్యార్థులు చేయదగిన పని. ఆ పట్టిక వారి తండ్రులకును పనికివచ్చును.

మూడవ ఉదాహరణమునకు ఖర్చే లేదు. బొల్లాపల్లి సుమారు 16 డిగ్రీల ఉత్తర అక్షాంశమున నున్నది. వియత్నాములోని దనాంగ్, హ్యూ నగరములును ఇంచుమించు ఆ అక్షాంశముననే ఉన్నవి. మే నెల 6వ తేదీ ప్రాంతమునను, ఆగస్టు 7, 8 తేదీల ప్రాంతమునను ఈ ఊళ్లన్నింటను స్థానిక మధ్యాహ్నవేళ సూర్యుడు సరిగా నడినెత్తికి వచ్చును. నిట్టనిలువుగా పాతిన కర్రకు నీడ యుండదు. మేలో బడికి సెలవులు, ఆగస్టులో మబ్బులు - అయినను ఆ వారమంతయు ప్రయత్నించినచో ఒకనాడైన ఎండ దొరకకపోదు. అదే మధ్యాహ్నమున ఢిల్లీలోని పిల్లలు తమ కర్రనీడను కొలిచి పంపినచో, రెండు కోణముల భేదము నుండియు, రెండు ఊళ్ల ఉత్తర దక్షిణ దూరము నుండియు భూమి చుట్టుకొలతను లెక్కింపవచ్చును. ఇరువదిరెండు శతాబ్దములకు పూర్వము ఎరటోస్తనీసు ఈజిప్టులో చేసినది ఇదే. దూరపు బడి సాయము లేనిదే ఈ లెక్క సాగదు. అంతర్జాతీయ సహకారమను మాటకు ఇంతకంటె తేటయైన అర్థము లేదు.

ఉపాధ్యాయునికి కావలసినది

ఈ మూడు ఉదాహరణములను చూచి, ఇక పని యంతయు ఉపాధ్యాయునిదే యని తేల్చుట అన్యాయము. ప్రపంచ విద్యను గూర్చిన రచనలలో తరచు కనబడు దోషము ఇదియే: ఆశయము పైవారిది, భారము క్రిందివానిది. రాష్ట్రములో ఉన్నత తరగతుల సామాన్యశాస్త్రమునకు జాతీయ మండలి గ్రంథములను తెలుగు, ఇంగ్లీషు ఎదురెదురు పుటలలో ముద్రించి ఇచ్చుచున్నారు. దేశమంతటికి వ్రాసిన గ్రంథము బొల్లాపల్లి నీటిని గూర్చి చెప్పజాలదు. అది గ్రంథము తప్పు కాదు. ఆ ఖాళీని పూరించువాడు ఉపాధ్యాయుడు. పూరించుటకు సాధనములు ఇయ్యవలసినది విద్యాశాఖ.

మొదటిది తెలుగులో పాఠసూచిక. పైన చెప్పిన ఫ్లోరైడు కథ ఇంగ్లీషు పత్రికలలో పలుచోట్ల చెదరియున్నది. దానిని ఏరి, ఏ తరగతిలో, ఏ పాఠమునకు, ఏ పుట దగ్గర చేర్చవలెనో చూపు ఎనిమిది పుటల కరదీపిక యొకటి జిల్లాకు ఒకటి చొప్పున తయారుకావలెను. పల్నాటికి నీరు, మిరప, సున్నపురాయి. కోనసీమకు కొబ్బరి, ఉప్పునీరు. అనంతపురమునకు వేరుసెనగ, వాన. రెండవది పరికరము. 2019లో మొదలైన జలజీవన్ మిషన్ క్రింద గ్రామములకు నీటిపరీక్ష పెట్టెలు ఇచ్చి, స్త్రీలకు వాడుట నేర్పు ఏర్పాటు గలదు. ఆ పెట్టెలోని మందును ఫ్లోరైడు నీటిలో కలుపునపుడు రంగు మారుటను బడిపిల్లలు ఒక్కమారు కన్నులార చూచినచో చాలును. క్రొత్త ఖర్చు అక్కరలేదు. రెండు శాఖలు ఒకదానితో నొకటి మాటలాడుకొనవలెను, అంతే.

మూడవది కాలము. పాఠములు పూర్తిచేయు తొందరలో నున్న ఉపాధ్యాయునికి ‘మరియొకటి కూడ చెప్పుము’ అనుట శిక్ష యగును. ఏటికి ఆరు గంటలు దీనికై విడిచి, ఆ మేరకు ఇతర భారము తగ్గింపవలెను. నాల్గవది పరీక్ష. పరీక్షలో అడుగనిది బడిలో నిలువదను మాట చేదైనను నిజము. ‘మీ ఊరి త్రాగునీటి యందలి ఒక లోపమును తెలిపి, అదే లోపము గల మరియొక దేశము ఏమి చేసినదో వ్రాయుము’ అను ఒక్క ప్రశ్న పబ్లిక్ పరీక్షలో వచ్చుననినచో, పది ఉపన్యాసములు చేయలేని పని అది చేయును. ఐదవది సాటివారి తోడు. నెలకొకమారు మండలమందలి శాస్త్రోపాధ్యాయులు కూడినప్పుడు, పైనుండి వచ్చిన ఉత్తరువులు చదువుటకు బదులు, ఒకరు చెప్పిన పాఠమును తక్కినవారు విని విమర్శించుట మేలు.

దీనికి రెండు ఆక్షేపణలు రావచ్చును. ఇట్లు ఊరి విషయములే చెప్పుచు పోయినచో పిల్లలు ఊరికే పరిమితమగుదురని కొందరందురు. కాని పైకథలలో ప్రతియొకటి ఊరిలో మొదలై ఊరి పొలిమేర దాటినదే. పునాది లేని మేడ వలె, ఊరు లేని ప్రపంచ విద్య గాలిలో నిలుచును. దూరదేశపు మంచు కరుగుటను బొమ్మలో చూచిన పిల్లవాడు మార్కులు తెచ్చుకొనును. తన బోరునీటిని కొలిచిన పిల్లవాడు మంచు సంగతిని కూడ అడుగును. రెండవ ఆక్షేపణ గట్టిది: నీటిని గూర్చి పాఠము చెప్పినంత మాత్రమున మంచినీరు వచ్చునా? రాదు. పైపులు వేయుట ఉపాధ్యాయుని పని కాదు; ఆ బాధ్యతను పాఠము చాటున దాచుట ఏ ప్రభుత్వమునకును తగదు. కాని ఏ అంకె అడుగవలెనో తెలిసిన పౌరునికి, తెలియని పౌరునికి చాల భేదము గలదు. ‘నీరు మంచిదేనా?’ అని అడుగువానికి ‘మంచిదే’ అను జవాబు సులభముగా దొరకును. ‘లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములు? ఎప్పుడు పరీక్షించిరి?’ అని అడుగువానికి కాగితము చూపక తప్పదు.

యోగ్యతాపత్రములు వచ్చును, పోవును. ఒప్పందములు వ్రాయబడును, రద్దగును. బొల్లాపల్లి ఉపాధ్యాయునికి ఒక కరదీపిక, ఒక పరీక్షపెట్టె, ఆరు గంటల కాలము, ఒక పరీక్షాప్రశ్న ఇచ్చినచో అవి ఏ ప్రభుత్వము మారినను చెడవు. ప్రపంచ విద్యను గూర్చి ఇంతవరకు వెలువడిన పత్రములలోని గొప్ప ఆశయములకు రాష్ట్రము చెల్లింపవలసిన మూల్యము ఇంతమాత్రమే. ఈ మూల్యము చెల్లింపబడినప్పుడే ఆ మాట సభావేదిక దిగి బడి గుమ్మము దాటినదని నమ్మవచ్చును.